వగైరా శాస్త్రం

“ఇక వగైరా విచారణ.”

ఇది మొదటి సూత్రం. శాస్త్రమన్నాక సూత్రం ఉండాలి, సూత్రమన్నాక భాష్యం ఉండాలి, భాష్యమన్నాక మొదటి మాట దగ్గరే నాలుగు పేజీలు ఆగిపోవాలి. కాబట్టి కాస్త ఆగుదాం. “ఇక” అన్నారు. అంటే దేని తరువాత? స్నానసంధ్యలైన తరువాత అని కొందరు, గురువుగారి దగ్గర చదువు పూర్తయిన తరువాత అని కొందరు అంటారు గాని ఈ రెండూ కుదరవు. స్నానం చేసినవాళ్లూ, చేయనివాళ్లూ, చదువు మధ్యలో మానేసినవాళ్లూ కూడా ఈ విచారణలో మునిగి కనిపిస్తున్నారు. ఇరవయ్యో తారీఖు తరువాత అన్నదే సిద్ధాంతం. జీతం పడిన వారంలో ఏ గృహస్థుకైనా వగైరా మీద జిజ్ఞాస పుట్టిన దాఖలా లేదు.

విషయమేమంటే, ఇంటి జమాఖర్చుల పుస్తకంలో అన్ని పద్దులకూ కింద, మొత్తానికి సరిగ్గా పైన ఉండే ఆఖరి పద్దు. బియ్యం ఇంత, పాలు ఇంత, అద్దె ఇంత, కరెంటు ఇంత, స్కూలు ఫీజు ఇంత, వగైరా ఇంత. ఈ శాస్త్రానికి అధికారి, అంటే చదవడానికి అర్హుడు, జనవరి ఒకటిన కొత్త డైరీ తెచ్చి, నాలుగు మూలలా పసుపు రాసి, పైన శ్రీ చుట్టి, “ఈ ఏడాది నుంచి ప్రతి పైసా రాయాల్సిందే” అని పక్కవాటాకి కూడా వినపడేట్టు ప్రకటించినవాడు. ప్రయోజనం మాత్రం ఇప్పుడే చెప్పడం లేదు. ప్రయోజనం తెలియకుండా ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి పెన్షన్ పుచ్చుకుంటున్నవాళ్లున్నారు. ఒక వ్యాసం చదవడానికి తొందరేమిటి?

వగైరాకు లక్షణం చెప్పబోయి పూర్వులు చాలా మంది దెబ్బతిన్నారు. “చిన్న ఖర్చు వగైరా” అన్నారు కొందరు. దీనికి అతివ్యాప్తి దోషం ఉంది: అగ్గిపెట్టె చిన్న ఖర్చే, కాని అది కిరాణా కిందికి పోతుంది. అవ్యాప్తి దోషమూ ఉంది: మేనమామ కూతురి పెళ్లిలో చదివించిన ఐదు వేలు చిన్న ఖర్చు కాకపోయినా పుస్తకంలో వగైరాలోనే తలదాచుకుంటాయి. “అనవసరమైన ఖర్చు వగైరా” అన్నారు ఇంకొందరు. దీనికి ఏకంగా అసంభవ దోషమే పట్టింది. ఖర్చు పెట్టినవాడి దృష్టిలో అనవసరమైన ఖర్చనేది మూడు లోకాల్లోనూ లేదు. కనుక ఏ దోషమూ అంటని లక్షణం ఇది:

“‘అదేలే’ అని జవాబొచ్చేది వగైరా.”

భాష్యం. “ఈ పద్నాలుగు వందలేమిటండీ?” “అదేలే, ఆ రోజు మనం అటు వెళ్లాం చూడూ...” వాక్యం ఇక్కడ ఆగుతుంది. ఆగితీరాలి. పూర్తయిందా, ఆ ఖర్చుకు పేరొచ్చి వేరే పద్దులోకి వెళ్లిపోతుంది, వగైరాగా ఉండే అర్హత పోగొట్టుకుంటుంది.

ఇక ప్రాచీనుల సంగతి. కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండో అధికరణంలో సర్కారు సొమ్మును ఉద్యోగులు కాజేసే మార్గాలు నలభై లెక్కపెట్టాడు. వాటిలో వగైరా లేదు. నలభై దొంగదారులు పేరుపేరునా పట్టుకున్నవాడికి నలభై ఒకటోది కనపడలేదంటే అది ఆయన ఇంట్లోనే ఉండి ఉంటుందని మా ఊహ. ఆ గ్రంథం కొన్ని శతాబ్దాల పాటు అజాపజా లేకుండా పోయి, 1905లో మైసూరు ఓరియంటల్ లైబ్రరీలో ఆర్. శామశాస్త్రిగారికి తాళపత్రాల్లో చిక్కింది, 1909లో అచ్చయింది. లెక్కలు రాయమన్న పుస్తకమే ఇన్నాళ్లు లెక్కలో లేకుండా పోవడం మన శాస్త్రానికి కొండంత బలం.

ఆయనే ఇంకో మాటన్నాడు. ఏడాది లెక్కలు ఆషాఢ పౌర్ణమికి ముగించాలి, అధికారులు పుస్తకాలు పట్టుకుని ఆషాఢంలో హాజరు కావాలి. ఈ సంగతి మన బట్టల దుకాణాలకు ఎలా తెలిసిందో గాని, సరిగ్గా ఆ నెలలోనే ఆషాఢం డిస్కౌంట్లు పెడతాయి. రెండు వేల చీర పన్నెండు వందలకు వస్తుంది. ఎనిమిది వందలు ఆదా. ఐదు చీరలు కొంటే నాలుగు వేలు ఆదా. “కొననిదే ఆదా లేదు” అన్న సూత్రం ఇక్కడ పుట్టింది. ఆదా అయిన ఆ నాలుగు వేలు చూపించమని అడగడం మర్యాద కాదు.

వాత్స్యాయనుడు కూడా ఏడాది ఆదాయం లెక్కవేసుకుని దానికి తగ్గట్టు ఖర్చు చేయాలని చెప్పాడు. కామసూత్రాల్లోనే చెప్పాడు, భార్యాధికారికంలో. ఆ గ్రంథం కొన్నవాళ్లలో ఆ అధికరణం దాకా ఓపిగ్గా వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి సంగతి ప్రచారంలోకి రాలేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: ఆ లెక్క ఆయన అప్పగించింది గృహస్థుకు కాదు, ఇల్లాలికి. దీని పర్యవసానం ముందు ముందు తేలుతుంది.

ఇప్పుడు తర్కం. నైయాయికులు లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగానే లెక్కపెట్టారు. ద్రవ్యంతో మొదలుపెట్టి ఏడోదిగా అభావాన్ని చేర్చారు, దాన్ని నాలుగు రకాలు చేశారు. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ముందేసుకుని పిల్లలు దీన్ని కుండ ఉదాహరణతో వల్లెవేస్తారు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని పండితుల్లో ఒక సామెత ఉంది. డైరీ కొన్నవాళ్లంతా అది వినదగ్గది. కుండకన్నా పర్సు మంచి ఉదాహరణ అని మాత్రం ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు.

కుండ పుట్టకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. దీనికి మొదలు లేదు, తుద ఉంది. నెలాఖరున పర్సు పరిస్థితి ఇదే: ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో చెప్పలేం, ఒకటో తారీఖుతో ముగుస్తుందని చెప్పగలం. కుండ పగిలాక కుండ లేకపోవడం ప్రధ్వంసాభావం. దీనికి మొదలుంది, తుద లేదు. జీతం పడిన సాయంత్రం ఫోనులో వరసగా మోగే వాయిదాల మెసేజీలతో ఇది మొదలవుతుంది. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. నెలనెలా ఇంత మిగలాలి అని డైరీ మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకున్న అంకె ఈ జాతికి చెందుతుంది. ఇక నాలుగోది అన్యోన్యాభావం. కుండ బట్ట కాదు, బట్ట కుండ కాదు. అలాగే పుస్తకంలో ఉండాల్సిన నిలువ పర్సులో ఉన్న నిలువ కాదు.

వగైరా పుట్టేది ఈ నాలుగోదాంట్లోనే. రాత్రి పది దాటాక గృహస్థు మంచం అంచున కూర్చుని కూడికలు వేస్తాడు. పుస్తకం ప్రకారం 840 ఉండాలి. పర్సులో 620 ఉంది. చొక్కా జేబులు వెతుకుతాడు. పిల్లవాణ్ణి లేపి అడుగుతాడు. పాలవాడికి రెండుసార్లు ఇచ్చామేమోనని అనుమానిస్తాడు. చివరికి “వగైరా 220” అని రాసి, కింద గీత గీసి, దీపం ఆర్పి హాయిగా నిద్రపోతాడు. కనుక వగైరా అనేది పెట్టిన ఖర్చు కాదు, లెక్క కుదరడం కోసం పుట్టించిన ఖర్చు. ఈ సూక్ష్మం తెలియక దాన్ని తగ్గించాలని ప్రయత్నించేవాళ్లు, కూడిక తప్పయితే మొత్తాన్ని తిట్టే రకం.

మీమాంసకుల దగ్గర దేవదత్తుడని ఒక బొద్దు మనిషి ఉంటాడు. పగలు భోంచేయడు. అయినా చిక్కడు. కాబట్టి రాత్రి తింటున్నాడని మనం ఒప్పుకోక తప్పదు. దీన్ని అర్థాపత్తి అంటారు. మన దేవదత్తుడు టీ మానేశాడు. పొదుపు మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లకు టీ అంటే పడదు. కప్పు పదిహేను రూపాయలు, రోజుకు రెండు, ఏడాదికి 10,950. హెచ్చవేతలో తప్పేమీ లేదు. ఏడాది తిరిగేసరికి దేవదత్తుడి చేతిలో ఆ పదివేల చిల్లర ఉండాలి. లేదు. పగలు తినని మనిషి చిక్కనట్టే, టీ తాగని మనిషి పర్సు లావెక్కలేదు. అర్థాపత్తి చేత తేలేది ఏమంటే, టీ తాగకుండా టీకొట్టు దగ్గర నిలబడ్డ దేవదత్తుడు స్నేహితులు కప్పులు ఖాళీ చేసేలోగా నాలుగు ఉస్మానియా బిస్కెట్లు తిన్నాడు. మానేసిన మహత్కార్యానికి సంతోషించి సాయంత్రం మిర్చిబజ్జీ కూడా తిన్నాడు. ఖర్చు నశించదు, పద్దు మారుతుంది. ఆదాయం ఎంత ఎత్తుకెదిగితే ఖర్చూ అంత ఎత్తుకెదుగుతుందని 1960లో పార్కిన్సన్ దొర ఒక పుస్తకమే రాశాడు గాని, పద్దు మార్పిడి సంగతి ఆయనకు అందలేదు. ఆయన ఊళ్లో మిర్చిబజ్జీ లేకపోవడం వల్ల కావచ్చు.

అలవాట్ల అధ్యాయంలోకి వద్దాం. ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని ఒక నమ్మకం వాడుకలో ఉంది. దీని మూలం వెతుకుతూ పోతే మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జను దగ్గర ఆగుతాం. ముక్కు చెక్కించుకున్నవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశాడు. ప్రయాణంలో “కనీసం” జారిపోయింది, ముక్కు కూడా జారిపోయింది, 21 మిగిలింది. తరువాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని కూర్చోబెట్టి, భోజనంతో పండు తినడం వంటి చిన్న పనులు చేయించి చూసింది. 2009లో బయటికొచ్చిన లెక్క ప్రకారం సగటున 66 రోజులు. కొందరికి 18 చాలు, ఒకరికి 254 దాకా.

ఇన్ని తిప్పలు పడ్డ పరిశోధకులు మన మండల దీక్షను గమనించకపోవడం విచారకరం. నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం, నేల పడక, కాళ్లకు చెప్పుల్లేవు, సిగరెట్టు లేదు, మందు లేదు, ఎదురుపడ్డ ప్రతివాడూ స్వామే. తెల్లవారుజామున నాలుగింటికి లేవమంటే అలారాన్ని గోడకేసి కొట్టే మనిషి, మాల వేసుకున్నాక అలారం కన్నా ముందే లేస్తాడు. దీనికి సాటి వచ్చే ప్రయోగశాల ఇంకోటి లేదు. నలభై రెండో రోజు ఏం జరుగుతుందన్నది సున్నితమైన విషయం కాబట్టి వదిలేద్దాం. పాన్‌షాపు యజమానులు మాత్రం మకర సంక్రాంతి తరువాతి వారాన్ని ఆశతో చూస్తారు.

అసలు చిక్కు రోజుల దగ్గర లేదు. మంచి అలవాటు ఒంటరిగా రాదు, సామాన్లతో వస్తుంది. ఫ్రెంచి పెద్దమనిషి దిదెరో దీన్ని 1769లోనే కనిపెట్టాడు. ఎవరో ఒక కొత్త ఎర్ర గౌను బహూకరించారు. అది తొడుక్కుంటే కుర్చీ వెలవెలబోయింది, కుర్చీ మారిస్తే బల్ల వెలవెలబోయింది, అలా గది మొత్తం మారిపోయి మహానుభావుడు పాత గౌను తలచుకుని ఏడుస్తూ వ్యాసం రాశాడు. ఇందులో మనకు కొత్తేమీ లేదు. గోచిని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచి, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి, ఆవును చూడ్డానికి మనిషిని తెచ్చి, చివరికి సంసారంలో పడిన సన్యాసి మనవాడే. దిదెరోకు గౌనైనా మిగిలింది.

నడక ఉచితం. నడవాలన్న నిర్ణయం ఉచితం కాదు. ముందు బూట్లు. ఆ బూట్ల మీద లుంగీ బాగుండదు కాబట్టి ట్రాక్ ప్యాంటు. అడుగులు లెక్కపెట్టడానికి చేతికో గడియారం; ఇన్నాళ్లూ లెక్కపెట్టకుండా నడిచిన అడుగులన్నీ వృథా అయినట్టు ఒక దిగులు కూడా దాంతోపాటే ఉచితం. పార్కు గేటు బయట రాగి జావ, కాకరకాయ రసం, మొలకల పొట్లం. ఆదివారం నాడు వాకర్స్ అసోసియేషన్ సమావేశం, అందులో నడక ఉండదు, పెసరట్టు ఉప్మా ఉంటుంది. ఇంటికొచ్చాక కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు. తాత బియ్యం కొనలేక తిన్న కొర్రలు మనవడు బియ్యం ధరకు మించి పోసి కొంటాడు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. తాత బతికి ఉంటే, ఆ ముక్క తన చిన్నప్పుడే చెప్పి ఉంటే కాస్త గర్వంగా తినేవాణ్ణి కదా అనేవాడు. బూట్లు “ఆరోగ్యం” పద్దులో, జావ “ఆహారం” పద్దులో రాయొచ్చు. పెసరట్టు ఎక్కడ రాయాలన్నదే ప్రశ్న. జవాబు పాఠకుడికి ఈపాటికే తెలిసి ఉండాలి.

ఇక్కడ పూర్వపక్షి లేచి నిలబడతాడు. “అయ్యా, ఇదంతా నోట్లూ నాణేల కాలం మాట. యూపీఐ వచ్చాక ప్రతి పైసా ఫోనే రాసిపెడుతోంది. వగైరాకు చోటెక్కడ?” వినడానికి బలమైన వాదం. 2011 జూన్ 30తో పావలా చెల్లకుండా పోయినప్పుడు ఒక దెబ్బ తగిలిన మాట నిజం. చిల్లర లేదని దుకాణదారు అరచేతిలో పెట్టిన చాక్లెట్ వగైరాకు ఆరోప్రాణం. 2016లో యూపీఐ వచ్చి అదీ తీసేసింది. అయితే ఫోను రాసేది ఎవరికి ఇచ్చామనే గాని ఎందుకు ఇచ్చామని కాదు. కొత్తిమీర కట్ట కొన్నది వీధి చివర అవ్వ దగ్గర. స్పీకరు డబ్బా “పది రూపాయలు అందాయి” అని ఊరంతా వినిపించింది. ఫోనులో మాత్రం కనిపించేది ఆమె అల్లుడి పేరు, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ఇంటిపేరుతో సహా. నెలాఖరున ఆ జాబితా తిరగేస్తే మనం ముక్కూ ముఖం తెలియని నలభై మంది మగవాళ్లకు పదీ ఇరవై చొప్పున పంచిపెట్టినట్టుంటుంది. వెనక ఒక్క వరసలో ఒదిగి ఉండే వగైరా ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు అంతటా పరుచుకుంది. పైగా డబ్బు చేతినుంచి పోతుంటే మనసుకు కలిగే నొప్పిని 1998లో ప్రెలెక్, లోవెన్‌స్టైన్ అనే ఇద్దరు పండితులు వివరించారు. నోటు మడత విప్పి ఇచ్చేటప్పుడున్న ఆ నొప్పి, చదరపు బొమ్మ మీద ఫోను చూపించేటప్పుడు ఉండదు. నొప్పి లేని చోట జ్ఞాపకం ఉండదు, జ్ఞాపకం లేని చోట వగైరా ఉంటుంది. పూర్వపక్షి కూర్చోవచ్చు.

ఇంతవరకూ చెప్పినదంతా గృహస్థ సంప్రదాయం. దీని ప్రకారం వగైరా ఒక చిల్లు. దీనికి ఎదురుగా ఇంకో సంప్రదాయం ఉంది, పోపులపెట్టె సంప్రదాయం. గ్రంథాలు లేవు, గురుపరంపర ఉంది. అత్తగారి నుంచి కోడలికి కాక, తల్లి నుంచి కూతురికి వస్తుంది. దీని ప్రకారం వగైరా చిల్లు కాదు, తలుపు.

“వగైరా పదిహేను వందలేమిటి?” అని భర్త అడుగుతాడు. “పూలూ, ముగ్గూ, పనమ్మాయికి చేబదులూ, మీ చెల్లెలొస్తే తెచ్చిన పళ్లూ. అవన్నీ రాస్తూ కూచుంటే పొయ్యి మీద పప్పు మాడుతుంది, మాడనా?” అని జవాబు. మాడ్చమని అనే ధైర్యం ఏ భర్తకూ లేదు. పూలూ ముగ్గూ చేబదులూ పళ్లూ నిజమే, అవి తొమ్మిది వందలు. తక్కిన ఆరు వందలు ఆవాలకీ ఎండుమిరపకాయలకీ అడుగున భద్రంగా ఉన్నాయి. మనుషులు డబ్బును మనసులో అరలు అరలుగా సర్దుకుంటారని కనిపెట్టి, ఆ కృషితో కలిపి 2017లో నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ థేలర్, ఆ సొమ్మును వీలైనంత అహేతుకంగా ఖర్చు చేస్తానని నవ్వుతూ అన్నాడు. మన వంటింట్లో అరలు మనసులో లేవు, స్టీలువే, గుండ్రంగా ఏడు గిన్నెలు, పైన బిగుతు మూత. నవ్వడం కూడా లేదు.

రెండు సంప్రదాయాల్లో ఏది నెగ్గిందన్నది వాదంతో తేలలేదు. 2016 నవంబరు 8 రాత్రి తేలింది. ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని టీవీలో వినగానే డైరీలు రాసిన గృహస్థులు నిబ్బరంగా కూర్చున్నారు, ఎందుకంటే వాళ్ల దగ్గర ఏమీ లేదు. వంటింట్లోంచి మాత్రం మూతలు తీస్తున్న చప్పుడు. బియ్యం డబ్బా అడుగు నుంచి, పట్టుచీర మడతల్లోంచి, దేవుడి పటం వెనకనుంచి, ఇంగువ వాసన కొడుతూ, పసుపు మరకలతో నోట్లు బయటికొచ్చి భోజనాల బల్ల మీద కుప్పపడ్డాయి. టీ మానేసి ఒకరు సాధించలేనిది, “పప్పు మాడనా” అని ఒకరు సాధించారు. గృహిణులు రెండున్నర లక్షల దాకా డిపాజిట్ చేసుకుంటే ప్రశ్నించబోమని సర్కారు చెప్పాల్సొచ్చింది. 2021లో ఆగ్రాలోని ఆదాయపు పన్ను అప్పిలేటు ట్రిబ్యునల్ కూడా అంతలోపు సొమ్మును గృహిణి దాచుకున్నదిగానే చూడాలని తీర్పిచ్చింది. ఒక పద్దుకు న్యాయస్థానం గుర్తింపు రావడం చిన్న సంగతి కాదు.

ఈ సంప్రదాయం వీధిలోకి వచ్చిన సందర్భమూ ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చాక, అక్కడి ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున దాచి పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. సారా కొట్టుకు పోయినంత కాలం ఆ రూపాయి మగవాడి వగైరా. హాస్యం కాసేపు పక్కన పెడితే, డబ్బును పట్టి ఆపగలిగిన పద్దు మార్పిడి మాకు తెలిసినంతలో అదొక్కటే.

మిగిలింది ఒక వివాదం. 2016లో గృహస్థులకు పెట్టె చిరునామా తెలిసిపోయింది. ఆ తరువాత సొమ్ము ఎక్కడికి మారింది? నగల దుకాణం వాళ్ల పదకొండు నెలల స్కీములోకి వెళ్లిందని ఒక మతం. వీధి చిట్టీలో ఉందని రెండో మతం. పాడుకున్న నెల ఎవరికీ చెప్పరని దానికి హేతువు. ఎక్కడికీ పోలేదు, వంద నోట్ల రూపంలో అక్కడే ఉందని మూడో మతం. 2023 మే 19న రెండు వేల నోటును వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వు బ్యాంకు ప్రకటించినప్పుడు వంటింట్లో ఏ మూతా చప్పుడు కాకపోవడాన్ని వీళ్లు ప్రమాణంగా చూపిస్తారు. తేల్చాలంటే ప్రత్యక్ష ప్రమాణం ఒక్కటే శరణ్యం, అంటే బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడాలి. చాలా మంది భాష్యకారులు ఆ సాహసం చేయలేదు. చేసినవాళ్లు భాష్యం పూర్తి చేయలేదు.